నాలుగడుగుల తొమ్మిదంగుళాలు

గోగునార మిల్లు మూతబడిన పదహారేళ్ళకి
మాకిచ్చారు.
గేటు మీది పాత పేరు గీకేసి
వాస్తు, లలితకళల విభాగం అని
నీలం బోర్డు తగిలించారు.
గీకిన చోట తుప్పు
మళ్ళీ ఆ పాత అక్షరాలే దిద్దుతోంది.

రంపపు పళ్ళ కప్పు.
ఉత్తరపు వెలుగు డ్రాయింగ్ బల్లల మీదికి
నీడ పడకుండా దిగుతుంది.
"స్టూడియో కోసమే కట్టినట్టుంది" అన్నాడు
ప్రారంభోత్సవానికొచ్చిన పెద్దాయన.
నేనూ తలూపాను.
తెగిన పోగు కంటికి దొరకాలని పెట్టిన వెలుగది.

వాన పడిన రోజు మాత్రం
ఎన్ని సున్నాలేసినా గోడల్లోంచి
నారకి పట్టించిన నూనె వాసన లేస్తుంది.
బంకమట్టి చేతులతో పిల్లలు
కిటికీ తెరుద్దామని వెళ్ళి
నిచ్చెన కోసం వెనక్కొస్తారు.

మొదటి ఏడాదికి నేను చెప్పేది కొలతలు.
టేపు ఆనించు, అంకె చదువు, అబద్ధం రాయకు.
అంతే పాఠం.
మూడు వారాలు కొలిచారు:
స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగా,
నేలలో మిషన్లు పీకేసిన బోల్టు గుంటలు,
ఒక్కో గుంటలో ఇంకా చిక్కుకున్న నార పీచు.

యామిని నిలువుకోత గీసింది,
భవనాన్ని గుమ్మడికాయలా కోసి
లోపలిది చూపించే బొమ్మ.
కొలత తెలియాలి కదా,
ఒక మనిషిని తెచ్చి నిలబెట్టింది.
కంప్యూటర్లో దొరికేవాడే.
ఐదడుగుల పదంగుళాలు, చేతిలో బ్యాగు,
మొహం ఉండదు.

థర్మకోల్ ముక్కలు ఊడుస్తూ వచ్చిన
కర్రోతు నర్సయ్యమ్మ
తెరముందు ఆగింది.
"ఈ బావు ఎవులు?
మా సిప్టుల ఎప్పుడూ సూడనేదు."

పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.
బి షిఫ్టు, స్పిన్నింగు, పందొమ్మిదేళ్ళు.
టోకెన్ ఏడొందల పన్నెండు.
అడక్కుండానే చెప్పింది,
ఇంటిపేరు చెప్పినట్టు.

యామిని లేచి టేపు తీసింది.
చీపురు పక్కన చేరేసి, చెప్పులు విడిచి,
ఆస్పత్రిలో పొడుగు చూసేటప్పుడు నిలబడినట్టు
స్తంభానికి వీపు ఆనించింది నర్సయ్యమ్మ.
నాలుగడుగుల తొమ్మిది.
భుజాలు తగిలిన చోట ఇనుము నున్నగా ఉంది.
ప్రతి స్తంభానికీ ఆ ఎత్తులోనే ఆ నునుపు.
మా నివేదికలో దాని ఎదురుగా
'అరుగుదల, కారణం తెలియదు' అని ఉంది.
నా చేతిరాతే.

బ్యాగు మనిషిని చెరిపేసి
ఈవిడని పెట్టింది యామిని.
ఒక్క గీత కదల్లేదు,
గోడ పెరిగింది.
కిటికీలు పైకి, ఇంకా పైకి,
దొంగిలించేవాళ్ళకి అందకుండా ఉట్టి కట్టినట్టు.
ఆరడుగుల నాలుగంగుళాల దగ్గర మొదలు అన్నీ.
మూడు వారాలుగా ఆ అంకె మా కాగితం మీదే ఉంది.
సరిగ్గానే రాశాం.
వెలుగు లోపలికి రావాలి,
చూపు బయటికి పోకూడదు.
కట్టినవాడు లెక్క తప్పలేదు.

ఎవరో మోడల్ స్టూలు ఈడ్చుకొచ్చారు.
ఇద్దరు పట్టుకుంటే ఎక్కింది,
చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో బిగించి.
ఊచల అవతల చంపావతి.
ఇసుకలో దోసపాదులు, ఎవరిదో ఎర్ర కండువా ఆరేసి ఉంది,
మోకాలి లోతు నీళ్ళలో రెండు గేదెలు.

"ఓలమ్మ! ఇక్కణ్ణించి ఏరు అవుపడతాదేటి!
ఇన్నాళ్ళూ నా ఈపెనకాలే ఉండిపోనాదా."
ఆ తర్వాత ఏం మాట్లాడలేదు.
స్టూలు పట్టుకున్న పిల్లల చేతులు లాగుతున్నాయి,
వాళ్ళూ మాట్లాడలేదు.

మూడు గంటల బెల్లు కొట్టారు.
మాలో ఎవరం కదల్లేదు.
ఆవిడ కళ్ళింకా ఏటి మీదే,
కాలు మాత్రం అప్పటికే
కిందికి జారి
నేల కోసం తడుముతోంది.